మెట్రో ఎక్కిన ఒంటె పద్యం

ముషైరిబ్, దోహా

పూజ్యులు సువార్తరావు మావయ్యకు పెర్సిస్ వందనాలు.

పద్యాన్ని ఫోన్లో వింటే కుదరదు, కాగితం మీద కావాలంటారుగా. అందుకే సెలవు మీద మన ఊరొస్తున్న మా ఆఫీసు భానుమతిగారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మా ఆఫీసులో సాయంత్రం పూట జరిగే స్పానిష్ క్లాసులో నాతోపాటు ఉండే ఒకతను, నన్ను పెళ్ళి చేసుకుంటానంటూ ఆ భాషలో హాస్యపద్యం రాసిచ్చాడు.

మి కమేయో ఎస్తా కన్సాదో,
ఎన్ ఎల్ మేత్రో వా సెంతాదో.

'నా ఒంటె అలిసిపోయింది, మెట్రోలో కూర్చుని వెళుతోంది' అని అర్థం. పేరు తర్వాత చెబుతాను, ముందు ఛందస్సు చూడండి. అతను నాకు నచ్చాడు. కానీ మీరు కాదంటే ఒప్పుకోను.

మీ మేనకోడలు
పెర్సిస్

తా.క.: ఒంటె అంటే తనేనట. డ్యూటీ దిగి మెట్రోలో కునికిపాట్లు పడుతూ వస్తాడు.

అవనిగడ్డ

చిరంజీవి పెర్సిస్‌కు మావయ్య దీవెనలు.

పద్యం చూశాను, కళ్ళు తిరిగాయి. పై పాదంలో రెండో అక్షరం 'క', కింది పాదంలో 'ఎల్'. ప్రాస కృష్ణలో కలిసిపోయింది. యతి కోసం వెతికి వేసారాను. లెక్కపెడితే పైన తొమ్మిది అక్షరాలు, కింద ఎనిమిది. రెండు పాదాలు సరిగా పేర్చలేనివాడు సంసారమేం చేస్తాడు? పైగా స్పెయిన్ దొర! వద్దమ్మా.

నీ మేలు కోరే
సువార్తరావు

తా.క.: ఒంటెను మెట్రోలోకి ఎవరు రానిచ్చారు?

దోహా

మావయ్యకు వందనాలు.

వాళ్ళకు ప్రాస పాదం చివర ఉంటుంది: కన్సాదో, సెంతాదో. 'యో' పక్కన 'ఎ' వస్తే రెండూ కలిపి ఒకటిగా లెక్కిస్తారు, మన సంధిలాగే. అప్పుడు రెండు పాదాలూ ఎనిమిదే. యతి పట్టింపు వాళ్ళకు లేదు. మావయ్యా, ఇక్కడికొచ్చాక నేను కడుపుబ్బా నవ్వింది ఈ పద్యానికే.

మీ జవాబు కోసం చూస్తూ
పెర్సిస్

తా.క.: మీరు పట్టిన తప్పులు చెబితే, "ముందే అనుకున్నాను" అని గోడకు చేరగిలబడ్డాడు.

అవనిగడ్డ

చిరంజీవి పెర్సిస్‌కు దీవెనలు.

సంధి చేస్తే ఎనిమిదే, ఒప్పుకున్నాను. అంత్యప్రాస కూడా ఉంది. కానీ ఊరంతా పొక్కింది. దొర బాప్తిస్మం తీసుకున్నాడా అని పాస్టరుగారు అడుగుతున్నారు. మీ అమ్మ దీనమ్మ కారం లేకుండా చేపల పులుసు వండి చూస్తోంది, తినలేక మేం ఛస్తున్నాం. అసలు నా బాధ వేరు. సాయంత్రం పూట పక్కన కూర్చుని నా పద్యం వినేవాడు కావాలని ఆశపడ్డాను. దొరతో నేనేం మాట్లాడను? ఇక నీ ఇష్టం తల్లీ.

దిగులుగా
మావయ్య

తా.క.: అతని పద్యాన్ని తేటగీతిలో సరిచేసి పంపుతున్నాను. గణాలు కుదరక ఒంటెను తీసేశాను. మెట్రోనూ తీసేశాను.

దోహా

మావయ్యకు వేల వందనాలు.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత నవ్వాను, వెంటనే అతనికి సరేనన్నాను. అతను దొర కాడు మావయ్యా. పేరు జెర్రీ. మన అవనిగడ్డే. తొమ్మిదో తరగతిలో మీ దగ్గర తెలుగు చదివాడు. తెలుగులో రాస్తే మీరు యతి దగ్గరే ఆపేస్తారు, పెళ్ళిదాకా రానివ్వరని భయపడి స్పానిష్‌లో రాశాడట! అందుకే నేనూ పేరు దాచాను. వచ్చే నెల ఇద్దరం వస్తున్నాం. ఎన్ని పద్యాలైనా వింటానంటున్నాడు. అప్పజెప్పమని మాత్రం అడక్కండి.

సంతోషంతో
మీ పెర్సిస్

తా.క.: మీ తేటగీతి చూపించాను. గణాలు వేసి చూసి, మూడో పాదంలో యతి తప్పిందంటున్నాడు. మీకిప్పుడే చెప్పమంటారా, పెళ్ళయ్యాక చెప్పమంటారా?