వాగుడుకాయ పథ్యం

మార్చి 3
చెల్లి ఈరోజు కూడా డ్యూటీకి వెళ్లలేదు. పళ్ల డాక్టర్ క్లినిక్‌లో రిసెప్షనిస్టు అది. చిన్నప్పటి నుంచి మేం పెట్టిన పేరు వాగుడుకాయ. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా దాని కబుర్లలో పడి నొప్పి మరిచిపోయేవారు. దానికి జ్వరం తగ్గింది, యాంటీబయాటిక్స్ కోర్సు అయిపోయింది. కడుపు మాత్రం పాడైంది. మనిషిలో ఉలుకూ పలుకూ లేదు.

మార్చి 5
డాక్టరమ్మకి చూపించాను. పేగులకీ మెదడుకీ మధ్య రాకపోకలుంటాయట. ఒకటి చెడితే రెండోదానికీ సెగ తగలొచ్చట. పెరుగు, ఆకుకూరలు, ఓట్స్ పెట్టమంది. తిండితోనే అంతా సర్దుకుంటుందని కూర్చోవద్దని, సైకియాట్రిస్టుకి కూడా చూపించమని రెండుసార్లు చెప్పింది. సరేనని తలూపి నేరుగా మార్కెట్‌కి వెళ్లాను.

మార్చి 9
నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్‌లో బతిమాలి మార్నింగ్ షిఫ్ట్‌కి మారాను. వంట నాకు రాదు. ఓట్స్ అడుగంటాయి. అది కిక్కురుమనకుండా తినేసింది. ఇదివరకైతే వారం రోజులు ఏడిపించేది.

మార్చి 17
పెరుగు గట్టిగా తోడుకుంది. ఇంత గర్వం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా లేదు.

మార్చి 24
కడుపునొప్పి లేదట. మోషన్స్ నార్మల్. ఆ సంబరంలో దాని ఫ్రెండ్‌ని భోజనానికి పిలిచాను. చెల్లి గోడవైపు తిరిగి పడుకుంది. పాపం ఆ అమ్మాయి నాతోనే నాలుగు మాటలు మాట్లాడి లేచింది. వెళ్తూ వెళ్తూ, సైకియాట్రిస్టుకి చూపించారా అని అడిగింది. మా చెల్లికి పిచ్చేం లేదని కస్సుమన్నాను. తర్వాత తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ ఉండిపోయాను.

ఏప్రిల్ 2, సాయంత్రం
సరుకులు తెచ్చేసరికి ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పైకి వెళ్తే, టెర్రస్ మీద పిట్టగోడ ఎక్కి, కాళ్లు అవతలికి వేసుకుని కూర్చుంది. కేకేస్తే ఉలిక్కిపడుతుందేమోనని భయం. చప్పుడు చేయకుండా వెళ్లి, నడుం చుట్టూ చేతులేసి ఇవతలికి లాగాను. పెనుగులాడలేదు. మూటలా వచ్చేసింది. ఇద్దరం నేలమీద కూలబడ్డాం. ఏమైనా తింటావా అని అడిగాను. ఇంకేం అడగాలో నాకు తెలియలేదు.

"నీకోసమే తింటున్నా అన్నయ్యా. కడుపు బాగైంది. నేనే బాగవలేదు."

ఆటోలో ఆస్పత్రి దాకా దాని మణికట్టు వదల్లేదు. దిగాక చూస్తే ఎర్రగా కందిపోయి ఉంది.

ఏప్రిల్ 3
వార్డులో చేర్చుకున్నారు. టైం పడుతుందన్నాడు సైకియాట్రిస్టు. ముందే ఎందుకు తీసుకురాలేదని అడగలేదు. అడిగి తిట్టినా బావుండేది. బయటి తిండి లోపలికి పంపరట.

ఏప్రిల్ 4
పొద్దున్నే స్టవ్ వెలిగించాను. దానిమీద ఏమీ పెట్టలేదు. చాలాసేపు అలాగే మండనిచ్చాను.