రెండు గంటల టికెట్, మెట్టు మీద ప్యాంటు

జనవరి 4, ఆదివారం. ఉదయం 7.00
టొరంటోకి నా మీద పగ. గిడ్డంగిలో పెట్టెలు మోసేది నేను, జీతం తినేది ఈ ఊరు. ఇక చాలు.

ఇంటావిడ లూర్దెస్ ఆంటీ దగ్గర పై అంతస్తులో కిటికీ ఉన్న గది ఖాళీ అయింది. నెలాఖరులోగా మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె కలిపి చేతిలో పెడితే నాదే. ఇప్పుడుంటున్నది బేస్‌మెంట్. కిటికీ లేదు. నాతో గదీ అద్దే పంచుకునే బెంజీ అన్న గురక ఉంది.

తీర్మానం: బయట కాఫీ లేదు. టాక్సీ లేదు. వారం పనులన్నీ ఆదివారం ఒక్క టికెట్ మీదే. బస్సులో ఒకసారి కార్డు తాకిస్తే రెండు గంటలు ఎన్ని బస్సులైనా మారొచ్చు. బట్టలు ఉతకడం, బియ్యం, ఎండుచేపలు, అన్నీ ఆ రెండు గంటల్లోనే.

బెంజీ అన్న మంచం దిగకుండానే నవ్వాడు. "ఎందుకురా ఈ పరుగులు? మాతో చీటీ కట్టు. పదిమందిమి ఉన్నాం. నెలకొకరికి వస్తుంది."

"చీటీలు మనసు నిలవనివాళ్ళకి, అన్నా. నాకు పట్టుదల ఉంది."

11.04. గంటా యాభై ఒక్క నిమిషాల్లో ఇంట్లో ఉన్నాను. డ్రైవర్‌కి దణ్ణం పెట్టాను. తల తిప్పుకున్నాడు.

జనవరి 7
మూడు పూటలా అన్నం, ఎండుచేప. పనిలో ఎవరూ నా పక్కన కూర్చోవడం లేదు. కాబట్టి కాఫీకి పిలిచేవాళ్ళూ లేరు. ఇదీ పొదుపే.

జనవరి 11
గంటా యాభై ఎనిమిది. లాండ్రీలో డ్రైయరే నలభై నిమిషాలు మింగింది. వచ్చేవారం నుంచి డ్రైయర్ బంద్. తడివే తెచ్చి ఇంట్లో ఆరేస్తాను. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నానో.

జనవరి 18
మైనస్ పద్దెనిమిది. బస్సు ఇరవై నిమిషాలు రాలేదు. సంచీలో బట్టలు గడ్డకట్టాయి. తాళం వెతుక్కుంటూ ప్యాంటు తీసి మెట్టు మీద పెడితే, అదే నిలబడింది. లూర్దెస్ ఆంటీ తలుపు తీసి దానికే "గుడ్ మార్నింగ్" చెప్పింది. తర్వాత నన్ను చూసింది. "దీన్లో ఉండాల్సినవాడివి నువ్వేనా బాబూ?"

చలికి ఒక కాఫీ తాగాను. అది వైద్యం.

జనవరి 21
వైద్యం రెండు పూటలా. డోనట్ కూడా. మందు ఖాళీ కడుపున పడదు.

జనవరి 25
బస్సు వచ్చేసరికి రెండు గంటలు దాటి మూడు నిమిషాలు. కార్డు తాకిస్తే మళ్ళీ టికెట్ డబ్బు కోస్తుంది. మూడు నిమిషాలకి మూడు డాలర్లా? ఈ ఊరికి ఒక్క సెంటు ఇవ్వను. దిగిపోయి టాక్సీ ఎక్కాను. ముప్ఫై ఒక్క డాలర్లు. పోతే పోయాయి. బస్సువాళ్ళకి మాత్రం ఇవ్వలేదు.

జనవరి 31
గది పోయింది. తీసుకున్నది బెంజీ అన్న. ఈ నెల చీటీ అతనికి వచ్చింది. నెలంతా కాఫీ తాగుతూ, గురక పెడుతూ సంపాదించాడు. పరుపు పైకి మోసింది నేనే.

"కోపం తగ్గించుకోరా తమ్ముడూ. కిటికీ చూడ్డానికి రోజూ రా. టికెట్ అక్కర్లేదు."

పోనీ, గురక పీడా పోయిందనుకుని మెట్లు దిగుతుంటే ఆంటీ ఆపింది. "ఇక కింద అద్దె మొత్తం నీదే బాబూ."

ఫిబ్రవరి 1, ఆదివారం. ఉదయం 6.00
గురక పైకప్పులోంచి వస్తోంది.

చీటీలో చేరాను. కొత్తవాడిని కాబట్టి నాది చిట్టచివరి వంతు. కాఫీ లేదు. టాక్సీ లేదు.

8.55. సంచీతో బయల్దేరాను. పైన కిటికీ తెరుచుకుంది. నా కిటికీ.

"ఎలాగూ వెళ్తున్నావుగా, ఇవి కూడా ఉతికి తేరా." మూట వచ్చి మంచులో పడింది.

9.12. కార్డు తాకించాను. రెండు మూటలు. రెండు గంటలు. సరిపోతాయి.