తలుపులేసుకుని చూసిన ఏసు సినిమా

డిసెంబర్ 25, రాత్రి. జమ్మలమడుగు.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా క్రిస్మస్ సాయంత్రం ఇంట్లో అందరితో కూర్చుని ఏసు సినిమా చూడని ఏడాది లేదు. నాయన ఉన్నప్పుడు టీవీని వాకిట్లో పెట్టేవాడు. వీధి వీధంతా వచ్చి చూసేది.

ఈరోజు అన్న కొడుకు సుధాకర్ తలుపులు, కిటికీలు మూసి సౌండు తగ్గించినాడు. ఎస్సీ కోటాలో వాడికి కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. కాగితాల్లో మేం హిందువులం.

"కొండ మీద నిలబడి అంతమందికి చెప్పే ఏసయ్య ఇట్ల గుసగుసలాడతాండాడేందిరా?" అనింది అమ్మ.

"గట్టిగా పెడితే మనం కిరస్తానోళ్లమని ఎవురో ఒకరు అర్జీ పెడతారు. నా ఉద్యోగం పోతాదవ్వా."

అమ్మ టీవీ దగ్గరికి జరిగి కూర్చుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. దేవుణ్ణి మార్చుకున్నోడు ఎస్సీ కాడంట! మరి కులం యాడికి పోయింది? ఈ ఊర్లో మాకు ఇల్లు బాడుగకిచ్చేవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి. రేపే దీనిమీద పేపరుకు వ్యాసం రాస్తానని లేచినా. సుధాకర్ నా చేతులు పట్టుకున్నాడు.

"రాయొద్దు చిన్నాయనా. నీ ఇంటిపేరే కదా నాదీ."

ఇన్నేళ్లలో ఎవరు బెదిరించినా రాయడం మానలేదు. వీడు బెదిరించలేదు, బతిమాలినాడు. రాస్తే వీడి అన్నం పోతుంది. రాయకుంటే వచ్చే ఏడు సినిమానే ఉండదేమో...

సినిమా అయిపోయినాక అమ్మ మోకరించింది. ఏటా పక్కింటోళ్లు కూడా ఆమెన్ అనేంత గట్టిగా ప్రార్థన చేసే మనిషి. ఈరోజు పెదాలు మాత్రం కదిలినాయి.