అరిచి చెప్పలేని మాట

గుంటూరు,
మంగళవారం.

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ ఆయనా, నేనూ, పిల్లా కులాసాగానే ఉన్నాం. మన ఇంట్లో ఎవరికీ జ్వరం లేదని నువ్వు రాసింది చదివాకే నాకు ఊపిరాడింది. ఇక్కడ ఎండలు ముదిరాయి. కిటికీ తీస్తే మిర్చి యార్డు ఘాటుకి తుమ్ములు, మూస్తే ఉక్క.

నువ్వు మొదట అడిగింది ధనశ్రీ సంగతి కనక ముందు అదే రాస్తాను. టైఫాయిడ్ ముదిరి ఆ పిల్ల పేగుకి చిల్లు పడింది. గురువారం ఇక్కడి ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు. మూడు రోజులు ఎవరినీ గుర్తుపట్టలేదు. నిన్న కళ్ళు తెరిచి వాళ్ళమ్మని నీళ్ళడిగిందట. గండం గడిచిందని మాత్రం డాక్టర్లు ఇంకా అనడం లేదు. మన వీధిలో జ్వరపడ్డ మిగతా ఆరుగురూ మందులకి తేరుకుంటున్నారు.

ఇక మల్లేశ్వరి పిన్ని సంగతి. ఆమె టిఫిన్ బండి మీద పొయ్యి ఎవరో పగలగొట్టారనీ, నువ్వు కూడా ఆమెతో మాట మానేశావనీ రాశావు. ఆమె తెచ్చిన కోడిగుడ్ల మీద ఈ జ్వరం తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఉందని హెల్త్ ఆఫీసరే చెప్పాక నీకింకా అనుమానమేంటని అడిగావు. అనుమానం కాదమ్మా, జ్వరాలు ఆమె వల్ల వచ్చాయనడమే తప్పు. సాల్మొనెల్లా అనేది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంటిపేరుతో వేల రకాలున్నాయి. గుడ్ల మీద దొరికింది కోళ్ళలో ఉండే రకం. మనిషికి సోకితే నాలుగు రోజులు విరేచనాలు పెట్టి మామూలుగా పోతుంది. ధనశ్రీని పడగొట్టింది టైఫాయిడ్ రకం. పేగు గోడ దాటి రక్తంలో చేరి బతికే సత్తా దాని జన్యువుల్లోనే ఉంది. అది కోళ్ళలో బతకదు, మనుషుల్లోనే బతుకుతుంది. అంటే అది ఎవరో ఒక మనిషి నుంచే రావాలి.

టైఫాయిడ్ రకంలోనూ మళ్ళీ తేడాలుంటాయి. ఒకే రంగు, ఒకే అంచు ఉన్న రెండు చీరలు పక్కపక్కన పెడితే పోగు చూసి ఇది మన మగ్గానిది కాదని నువ్వు చెప్పేస్తావు. అలాగే క్రిమి జన్యువుల్ని అక్షరం అక్షరం చదివి పోల్చే పరీక్ష ఉంది. నేను పనిచేసే ల్యాబ్‌లో అది చేయించాలని పట్టుబట్టింది నేనే. హెల్త్ ఆఫీసరు విసుక్కున్నాడు. "సాల్మొనెల్లా దొరికింది కదమ్మా, ఇంకేం తేల్చాలి?" అన్నాడు. నేను ఊరుకోలేదు. జ్వరపడ్డ ఏడుగురిలో ముగ్గురు పిన్ని బండి దగ్గర ఎప్పుడూ తినలేదు. ఏడుగురూ తీసుకున్నది ఒక్కటే, శ్రీరామనవమి పందిట్లో పానకం. అందుకే దాంట్లో చెయ్యి పెట్టిన వాళ్ళందరి దగ్గరా మలం నమూనాలు అడిగాం. నువ్వే ముందు ఇచ్చి, సిగ్గుపడేవాళ్ళని కసిరి మరీ ఇప్పించావు.

ఫలితాలు శుక్రవారం వచ్చాయి.

ఆదివారం నేను ఊరికే చూసి పోదామని రాలేదమ్మా. నువ్వు వడ్డిస్తుంటే నీ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. "ఏంటే అట్టా చూస్తావు, అన్నం చల్లారిపోతోంది" అన్నావు. తిన్నాను. నీ మోకాలికి విశ్రాంతి కావాలని అబద్ధం చెప్పి, వంట మరదలికి అప్పగించి వచ్చాను. అసలు మాట చెప్పలేకపోయాను. నీకు వినపడాలంటే అరవాలి. అరిస్తే రెండిళ్ళ అవతలికి వినపడుతుంది. ఆ మాట అలా అరవడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ధనశ్రీ రక్తంలో ఉన్న క్రిమీ, మిగతా ఆరుగురిలో దొరికిన క్రిమీ, నీ నమూనాలో దొరికినదీ ఒక్కటే.

కాసేపు కాగితం పక్కన పెట్టి కూర్చో. తర్వాత మిగతాది చదువు.

నా చిన్నప్పుడు నువ్వు నెల పైగా జ్వరంతో మంచం పట్టావు గుర్తుందా? జ్వరం తగ్గింది గానీ క్రిమి నీ పిత్తాశయంలో ఉండిపోయింది. నిన్ను ఏ బాధా పెట్టదు కాబట్టి నీకు తెలిసే దారే లేదు. నాకూ తెలియలేదు, రోజూ ఈ క్రిముల్నే చూసే నాకే. 'ఎవరి వల్ల వచ్చిందో తెలిస్తే ఆ మనిషిని నడివీధిలో నిలబెట్టి అడుగుతాను' అని రాశావు నువ్వు. ఆ వాక్యం దగ్గర ఆగి ఎంత ఏడ్చానో.

మా ల్యాబ్ పెద్ద శేషాచలం గారికి ఆ నమూనా ఎవరిదో నేనే చెప్పాను. ఆయన నా చేతిలోంచి ఫైలు తీసుకున్నారు. "నువ్వు ఈ కేసు నుంచి తప్పుకో తల్లీ. రిపోర్టు నేను రాస్తాను" అన్నారు. "తప్పుకుంటానండి. మా అమ్మకి మాత్రం నేనే చెప్పుకుంటాను" అన్నాను.

రిపోర్టు వెళ్ళిపోయింది. మల్లేశ్వరి పిన్ని తప్పేమీ లేదని ఆఫీసరే రేపు వీధిలో అందరికీ చెబుతాడు. నీ పేరు ఎవరూ బయటపెట్టరు. అయినా పిన్నితో ముందు నువ్వే మాట కలుపు. ఆమెకి ఎంతవరకు చెప్పాలో నీ ఇష్టం. చెప్పమని నేననను, దాచమనీ అనను.

ఈ ఉత్తరం తెచ్చిన నర్సు రెబెకా నీకు తెలిసిన మనిషే. ఆమెకి విషయం తెలుసు, ఎవరితోనూ అనదు. నువ్వు చదవడం అయ్యేదాకా ఉండి, నిన్ను ఆసుపత్రికి తీసుకెళుతుంది. నెల రోజులు మాత్రలు వేసుకోవాలి. వాటికి లొంగకపోతే చిన్న ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేస్తారు. పరీక్షలో ఏమీ లేదని తేలేవరకు ఎవరికీ వండకు, కలపకు. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కో. ధనశ్రీ దగ్గరికి నేను రోజూ వెళుతున్నాను. నువ్వు ఇప్పుడే రావద్దు.

శనివారం పొద్దున రైలుకి వస్తాను. ఆ రోజు వంట నేను చేస్తాను. నువ్వు పక్కన పీట వేసుకుని కూర్చుని, ఉప్పు ఎక్కువైందని నన్ను తిడుతూ ఉండు.

ఇట్లు,
నీ మీద పిసరంత కోపం కూడా లేని
నీ పెద్దకూతురు
రచన