లేని కణానికి శాలువా

ఆగస్టు 5, మంగళవారం

బాక్స్ తెరిచినం. బంప్ లేదు.

ఆగస్టు 6

నిన్న ఇంకేం రాయబుద్ధి కాలే.

కొత్త డేటాను ఇన్నాళ్లు మేమే చూడకుండ మూసిపెట్టుకున్నం, బాక్స్ అంటే అదే. ముందే చూస్తే మనకు కావాల్సిందే కనపడుతదని, అది రూల్. పాత డేటాల గ్రాఫ్ మీద ఒకచోట చిన్న గుట్ట లేచింది, అదే బంప్. అక్కడ ఎవరికీ తెల్వని కణం ఉండొచ్చని మా రీసెర్చ్ పేపర్. ఉండొచ్చు అనే రాసినం. విశ్వంల కనపడే పదార్థం కంటె కనపడనిది ఐదింతలు. అదేందో ఎవరికీ తెల్వదు. మా దగ్గరున్న థియరీ ల్యాబుల పెట్టిన పరీక్షలన్ని దాదాపు పాసయితది, దాని గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పది. ఈ గుట్ట చెప్తదనుకున్నం.

నిజమైన కణమైతే కొత్త డేటాల గుట్ట ఇంకా లేవాలె. చదునుగ ఉంది. బయోడైవర్సిటీ జంక్షన్ల రోడ్డు గూడ అంత చదునుగ ఉండదు.

నరసింహమూర్తి సార్ నా పీహెచ్‌డీ గైడ్. నేను స్కూల్ల ఉన్నప్పటి నుంచి ఆయన ఈ కనపడని పదార్థం మీదనే పనిచేస్తున్నరు. ఫ్లక్చుయేషనేనమ్మా శ్రీలతా, లెక్కల్లో కాకతాళీయం, ఎవరి తప్పూ కాదు, అన్నరు. తర్వాత ఇడ్లీ చల్లగ ఉందని క్యాంటీన్ ఆయనతోటి కొట్లాడిండ్రు. సార్ గొంతు పెంచంగ నేనెన్నడూ చూడలే.

నాకేం అనిపిస్తలేదు. దవాఖానల పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తరు గద, గట్ల. నోరు ఉంది. నాది కాదు.

ఆగస్టు 7

పదిహేను నాడు నాకు సన్మానం. అదొకటి ఉంది మీదికెల్లి.

నాన్న తెల్లాపూర్‌ల ఒక గేటెడ్ కమ్యూనిటీకి సెక్యూరిటీ గార్డు. మా పేపర్ వచ్చినప్పుడు ఒక పత్రికల చిన్న వార్త పడ్డది, కొత్త కణం జాడ అని. కమ్యూనిటీ వాట్సప్ గ్రూపుల తిరిగేసరికి జాడ అన్న మాట ఊడిపోయింది. కొత్త కణం కనిపెట్టిన మన ఐలయ్య బిడ్డ, అంతే మిగిలింది. సెక్రటరీ ప్రియదర్శిని మేడం నాన్నను పిలిచి, జెండా పండుగ నాడు క్లబ్‌హౌస్‌ల శాలువా కప్పుతం, నువ్వు ముందు వరుసల కూర్చోవాలె ఐలయ్యా, అన్నదట.

నాన్న ఆ క్లబ్‌హౌస్‌లకు లైట్లు బంద్ చెయ్యనీకె తప్ప ఎన్నడూ పోలే. తెల్లంగి కుట్టించుకున్నడు.

ఆగస్టు 9

నాన్నకు చెప్పిన. అమ్మ బీరకాయ చెక్కు తీస్తుంది.

అది లేదు నాన్నా, అన్న. పోయిందా, అన్నడు. పోలే, ఎన్నడూ లేకుండె, అన్న. మరి పేపర్ల ఎట్ల వచ్చింది? నాణెం ఎగరేస్తే ఒక్కోసారి వరుసగ బొమ్మే పడుతది గద, అట్ల, అన్న. అయితే అబద్ధం చెప్పినవా, అన్నది అమ్మ. లేదమ్మా.

నాన్న ఫోన్ దిక్కు చూసుకుంట కూర్చున్నడు. లాక్ గూడ తియ్యలే.

ఆగస్టు 10

డ్యూటీకి పోతూ బూట్లు తొడుక్కుంట అడిగిండు. పదిహేను దాంక అది ఉన్నట్టే ఉండనియ్యరాదు బిడ్డా, అని.

సరే అన్న.

ఆగస్టు 12

లేదని గట్టిగ చెప్పడం గూడ ఫలితమే అన్నరు సార్. మాతోటి పనిచేసే ల్యాబులన్ని కూడే కొలాబరేషన్ మీటింగుల నన్నే చెప్పమన్నరు. రీసెర్చ్ వదిలి కంపెనీ ఉద్యోగానికి వెళ్లాలనుంటే రికమెండేషన్ రాస్తానమ్మా, మొహమాటపడకు, అన్నరు. ఆయన వెనుక కిటికీల ఆఫీసు బిల్డింగులు. అన్నిట్ల లైట్లు.

ఆగస్టు 15

వాన. జెండా వందనం అయినంక అందరు తడి గొడుగులతోటి క్లబ్‌హౌస్‌లకు వచ్చిండ్రు. నాన్న ముందు వరుసల, కుర్చీ అంచు మీద. వీపు ఆనిస్తలేడు. ఆనుకో అని సైగ చేసిన. చూడలే.

ప్రియదర్శిని మేడం నా గురించి మైకుల చదివింది. వేరే ఎవరి గురించో విన్నట్టు విన్న. శాలువా కప్పిండ్రు. రెండు మాటలు చెప్పమన్నరు. సైన్స్ ఓపిక నేర్పుతది, మా అమ్మానాన్నలకు థ్యాంక్స్, అన్న. అందుల అబద్ధం లేదు. దిగుతుంటె ఒక పెద్దాయన లేచి, ఆ కణం పేరేందమ్మా, అని అడిగిండు. మన కమ్యూనిటీ పేరే పెట్టాలె, అన్నడు ఇంకొకాయన. అందరు నవ్విండ్రు. మేడం మళ్ల మైకు నా చేతుల పెట్టింది.

నాన్న దిక్కు చూసిన. ఆయన నేల దిక్కు చూస్తుండు.

పేరు లేదు, అన్న. కణమే లేదు. పోయిన వారం కొత్త డేటా చూసినం. అక్కడేం లేదు.

ఎవరో చప్పట్లు మొదలువెట్టిండ్రు. అందరు కొట్టిండ్రు. ముందటి కంటె ఎక్కువ. ఎంత వినయమో చూడండి, అన్నది మేడం.

ఆ చప్పట్లల్లనే ఎవరో, ఐలయ్యా, స్వీట్ డబ్బాలు కారుల ఉన్నయి, జర పట్టుకరా, అన్నరు. నాన్న లేచిండు. వానల తడుసుకుంట పోయి తెచ్చి, తెల్లంగి మీదనే వరుస వరుసకు పంచిండు. నా దగ్గరికి గూడ వచ్చిండు. తీసుకో బిడ్డా, అన్నడు. తీసుకున్న. ఆయన కుర్చీల ఎవరిదో హ్యాండ్‌బ్యాగ్ ఉండె.

ఆగస్టు 16

ఏం లేదు.

ఆగస్టు 18

మాట తప్పినవని నాన్న అనలే. అంటే బాగుండు.

ఇయ్యాల డ్యూటీ దిగి వచ్చి వేరే సంగతి చెప్పిండు. ఏం దొరకలే అని తను గూడ చెప్తుండట, ఎవరూ నమ్ముతలేరట. గవర్నమెంటోళ్లు చెప్పొద్దన్నరా, మాకన్న చెప్పు, అని డ్రైవర్లు చెవుల అడుగుతున్నరట. మరి నువ్వేమంటున్నవ్, అన్న. మొదట్ల లేదు లేదు అన్న, ఇప్పుడు నవ్వి ఊకుంటున్న, అన్నడు.

అమ్మ పడి పడి నవ్వింది. నేను గూడ నవ్విననుకుంట.

ఆగస్టు 21

మీటింగుల చెప్పిన. ప్రశ్నలడిగిండ్రు, జవాబులిచ్చిన. వేరే ఛానెల్ల, కణాలు ఇంకో తీరుగ విరిగే దారిల, వెతుకుదామనుకుంటున్నా, ఉంటావా, అన్నరు సార్.

ఉంట సార్, అన్న. ఎందుకన్ననో తెల్వదు.

ఆగస్టు 24, ఆదివారం

అన్నం తినుకుంట నాన్న అడిగిండు. మరి ఆ కనపడనిది, అసల్ది, అది యాడ ఉన్నట్టు?

ఈడనే, అన్న. ఈ ఇంట్ల గూడ. ఇప్పుడు మన ఒంట్లకెల్లే పోతుండొచ్చు. తాకది.

నాన్న కలిపే చెయ్యి ఆపిండు. ఎంగిలి చెయ్యినే లేపి, కంచం మీద గాలిల, కదలకుండ పట్టుకున్నడు.

నేను గూడ నా చెయ్యి లేపి, ఆ చెయ్యి పక్కన పట్టిన.