బ్యాంకు మింగిన పదహార్లు

కార్క్, ఐర్లండ్,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి నిఖిలకు,

అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. వాన మాకన్నా కులాసాగా ఉంది. మ్యూనిక్‌లో నువ్వూ, మరిదిగారూ, నీ కడుపులోని బుజ్జిప్రాణమూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే అరిచేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

గోంగూర పచ్చడి తినాలని ఉందన్నావు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు నువ్వడిగిన అసలు ప్రశ్న. "సీమంతానికి పదకొండు వందలు పంపావేం అక్కా, సున్నాతో? నాతో తెగతెంపులా?" మీ అత్తగారు కనకలతగారు చదివింపులు చదువుతూ నా పేరు దగ్గర ఆగి, "మీ అక్కకి పదహార్లు తెలీవా అమ్మాయ్?" అన్నారట అందరిముందూ. తెలుసని చెప్పు. నేను పంపింది వెయ్యిన్నూట పదహారు. ఆ పదహారూ బ్యాంకు మింగింది.

ఇక్కడా యూరో, అక్కడా యూరో. కౌంటర్లో ఆవిడ "గ్రాండ్, సేమ్ కరెన్సీ" అని పళ్లికిలించింది. నీ ఉత్తరం పట్టుకుని వెళ్లి అడిగితే, అర్జెంట్ చార్జీ అట, పంపే మొత్తంలోంచే కోస్తారట. డబ్బేమైనా విమానమెక్కి కిటికీ సీటు అడిగిందా? ఈ కంప్యూటర్లో కొట్టిన అంకె ఆ కంప్యూటర్లో కనబడటానికి పదహారు యూరోలు! హుండీ దొంగైనా కాస్త సిగ్గుపడతాడు. వీళ్లు రసీదు ఇస్తారు.

ఆ రసీదు మా సహస్రకు చూపించి బ్యాంకును ఇంకో గంట తిట్టాను. నా కూతురికి పన్నెండేళ్లకే ఎంత నోరో! "మామ్, యూ టిక్డ్ అర్జెంట్ యువర్‌సెల్ఫ్" అంది. నిజమే. మామూలుగా పంపితే మర్నాటికి చేరేది, పైసా తీసుకోరు. ఆ శుక్రవారం సీమంతమైతే, అదే శుక్రవారం పొద్దున బ్యాంకుకు పరుగెత్తింది నేను.

ఎందుకో చెబుతాను, కోప్పడకు. సీమంతానికి రావడానికి సెలవు దొరకలేదన్నది అబద్ధం. సెలవు పెట్టుకుని ఇంట్లోనే కూర్చుని అల్మరాలు సర్దాను. నలభైమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో కార్డు పడేశావు. బొట్టుపెట్టి పిలవడానికి సముద్రం అడ్డమే, ఫోన్ చేసి పిలవడానికి ఏం అడ్డమే? ఆ అలకలో అసలేమీ పంపకూడదనుకున్నాను. చివరికి మనసాగలేదు. ఛీ, బ్యాంకుకంటే నేనే చవకబారు మనిషిని.

పదహారు మళ్లీ పంపమంటావేమో, ఆ గడప తొక్కను. వచ్చే శనివారం విమానానికి టికెట్ కొన్నాను, నూట తొంభై యూరోలు. మీ బావగారు లెక్క విని నోరెళ్లబెట్టారు. పచ్చడి సీసాతో నేనే వస్తున్నాను. ఆ పదహార్లు నీ ఒళ్లో నా చేత్తో పెడతాను. కనకలతగారిని మళ్లీ చదవమను, గట్టిగా.

ఇట్లు,
నీకు పదహారు యూరోలు బాకీపడ్డ అక్క,
ఉజ్వల