మావయ్య షిఫ్టులు, నీ క్యాలెండరు

బావా,

పరలోకవాసులైన తమరి ప్రశాంతతకు భంగం కలిగిస్తున్నందుకు యావత్ ఉక్కునగరం తరఫున సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. నువ్వు పోయి ఏడాదైంది, తిట్టడానికి రాలేవన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

స్టీలు ప్లాంటులో మీ నాన్న షిఫ్టులన్నీ ఆ సెర్చింజన్ కంపెనీ వాళ్ల ఉచిత క్యాలెండర్‌లో రెండేళ్లకు సరిపడా ఎక్కించి పోయావు కదా. నువ్వు లేకపోయినా రోజూ సాయంత్రం ఆరింటికి ఆయన ఫోనుకు మెసేజ్ వస్తూనే ఉంది: ‘నాన్నా, రేపు మధ్యాహ్నం షిఫ్ట్.’

పోయిన నెల ప్లాంటులో షిఫ్టుల వరస మార్చారు. క్యాలెండర్‌కు ఆ సంగతి ఎవరు చెబుతారు? పొద్దున్న ఆరింటికి ఎక్కాల్సిన డ్యూటీకి మావయ్య రెండుసార్లు మధ్యాహ్నం రెండింటికి క్యారేజీతో వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు. మూడోసారి ఇలా జరిగితే సస్పెన్షనే అని మెమో ఇచ్చారు.

నిన్న సాయంత్రం బతిమాలాను. “మావయ్యా, రేపు పొద్దున్న షిఫ్టు. నోటీసు బోర్డు మీద నేనే చూశాను.”

“బోర్డుకేటి తెలుస్తాదిరా? మావోడు సెప్తన్నాడు. ఆడు నాకెప్పుడూ తప్పు సెప్పలేదు.”

ఆరయింది. ఫోను మోగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. ‘నాన్నా, వరస మారింది. రేపు పొద్దున్న షిఫ్ట్.’

“సూసేవా? ఆడే సెప్పేడు!” అంటూ అలారం పెట్టుకోవడానికి లేచాడు.

నిన్న మధ్యాహ్నం నెట్ సెంటర్‌లో కూర్చుని, నువ్వు నా ముందే కొట్టే ఆ పాస్‌వర్డుతో షిఫ్టులన్నీ దిద్దింది నేనే బావా. నీ బదులు ‘నాన్నా’ అని టైపు చేసింది కూడా నేనే.